కార్ల కింద రెండు గుంతలు

గోల్ఫ్ క్లబ్బు హాల్లో ఒక చెక్క బోర్డు ఉంది. పశువుల బీడులో ఐదు గుంతలతో మొదలైన మైదానం కాలువ పక్కకు జరిగాక ఏడు గుంతలకూ, చుట్టూ కాలనీలు లేచి సభ్యులు పెరిగాక తొమ్మిదికీ ఎలా చేరిందో అందులో బంగారు అక్షరాలతో రాసి ఉంటుంది. కొత్త కార్యదర్శి దాన్ని ఎన్నిసార్లు చదివినా దారి దొరకలేదు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. కూర్చుని ఏడాది తిరక్కుండానే రోడ్డు వెడల్పు పని వచ్చి చివరి రెండు గుంతలనూ మింగేసింది. ఏడు గుంతల మైదానానికి పోటీలు ఇవ్వరు, పోటీలు లేని క్లబ్బులో సభ్యులు నిలవరు. ఆదివారం సమావేశంలో మూసేద్దామనే తీర్మానం రాబోతోంది. తన చేత్తోనే తాళం వేయాల్సి వస్తుందేమోనని ఆమెకు తిండి సయించడం లేదు.

ఇంట్లో ఈ గోడు వినేది అత్తగారే. మామగారు తన పెళ్లికి ముందు నుంచీ ఆ క్లబ్బులో ఆడుతున్నా, ఆవిడ మాత్రం ఎంత బతిమాలినా గేటు దాటి రారు. ఆట అంటే గిట్టదేమో అనుకునేది కోడలు.

ఆ సాయంత్రం కూర తరుగుతూ అంతా విన్న అత్తగారు కత్తి పక్కన పెట్టారు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వ్యవహారం. మీరు కార్లు పెట్టే చోట ఏముండేదో తెలుసా?"

అప్పట్లో సెలవు రోజుల్లో మగవాళ్ల ఆట ముగిసేదాకా ఆడవాళ్లు మైదానంలో అడుగు పెట్టకూడదట. వాళ్ల ఆట ముగిసేసరికి పొద్దు గుంకేదట. విసిగిపోయిన అత్తగారూ స్నేహితురాళ్లూ క్లబ్బు వంటగది వెనక ముళ్లకంప నరికి, సొంతంగా రెండు గుంతలు వేసుకున్నారు. గడ్డి నాటి, బిందెలతో నీళ్లు మోశారు. కొన్నాళ్లు హాయిగా ఆడుకున్నారు. ఓ వేసవిలో వెళ్లి చూస్తే అంతా తారు పరిచి ఉంది. బోర్డు మీద ఆ ఊసే లేదు.

"ఎవరు వేయించారత్తయ్యా?"

"పక్క గదిలో పేపరు చదువుతున్నారే, ఆయనే."

పక్క గదిలో మామగారి పేపరు చప్పుడు ఆగిపోయింది.

ఆదివారం నాడు, కార్లు పెట్టే చోటు తవ్వుదామని కోడలు అనేసరికి సభ్యులు తేనెతుట్టె కదిపినట్టు లేచారు. కార్లు నెత్తిన పెట్టుకోవాలా అని ఒకాయన, బస్సు స్టాపు నుంచి సంచీ మోసుకుంటూ నడవడం మా వల్ల కాదని ఇంకొకాయన. ఓట్లు వేయకముందే ఓడిపోయానని ఆమె అనుకుంది. అప్పుడు వెనక వరుసలో మామగారు కర్ర పట్టుకుని మెల్లగా లేచారు. మోకాళ్ల నొప్పుల వల్ల, మెట్ల పక్కనే కారు పెట్టుకునే వీలు ఆయనకిచ్చారు.

"ఆ తారు పోయించింది నేనే. ముందు నా కారు పెట్టే చోటు తవ్వండి. నేను బస్సులో వస్తాను."

ఆయనే బస్సెక్కుతానంటే మిగతావాళ్లు ఏ మొహం పెట్టుకుని కాదంటారు? గొణుక్కుంటూనే చేతులెత్తారు.

వానలు వెళ్లేసరికి అక్కడ గడ్డి పట్టింది. తొలి బంతి కొట్టడానికి అత్తగారిని పిలిచారు. ఆవిడ గేటు దగ్గర కాసేపు ఆగి, లోపలికి వచ్చారు. బంతి ఎంతో దూరం పోలేదు. అయినా ఆవిడ నవ్విన నవ్వు చూసి కోడలి కడుపు నిండిపోయింది.

మామగారు వెళ్లి భార్య సంచీ భుజానికెత్తుకున్నారు.

"మీ మోకాళ్లకు అది బరువు. ఇలా ఇవ్వండి."

"బిందెలన్నీ నువ్వే మోశావు. ఇది నన్ను మోయనీ."

సంచీ కోసం చాచిన చెయ్యి ఆవిడ వెనక్కి తీసుకున్నారు.

"అయితే పదండి, ఇంకో గుంత ఉంది."