కుంఢీ మేసిన గడ్డి

వాన వెలిసిన నేల వాసన.
ఉప్పునేల తడిస్తే వచ్చే వాసన – కాస్త చేదు, కాస్త తీపి.

హూర్‌బాయికి రాత్రంతా కునుకు లేదు. ఇవాళ ఊరి పెద్దలొస్తారు. ఆమె నేలచెక్కలో గడ్డి కనిపిస్తే, తుమ్మ తవ్వడానికి ఊరంతా గునపాలు పట్టుకుంటుంది. కనిపించకపోతే బన్నీ మైదానంలో మిగిలిన నేల కూడా తుమ్మ కాల్చే బొగ్గుల బట్టీలకే.

మూడు వేసవులు తవ్వింది.
పిచ్చితుమ్మ. ఉప్పు నేల పాకకుండా ఆపుతుందని తాతల నాడు ఎవరో తెచ్చి చల్లారు. ఉప్పు ఆగలేదు. తుమ్మా ఆగలేదు. నరికితే పది కొమ్మలై లేస్తుంది. అందుకే నరకలేదు – వేరుదాకా తవ్వి పెకలించింది. ముల్లు విరిగిన వేలు ఇప్పటికీ వంగదు.

గడ్డి గింజ రాల్చేదాకా లోపల గిట్ట పడకూడదన్నది ఆమే. చుట్టూ కంప వేసిందీ ఆమే.

తూరుపు తెలుపెక్కింది.
చెక్క దాకా నడిచిందో, ఉరికిందో...

పచ్చ.
పచ్చ వెనక పచ్చ.
మోకాలికి తగిలే ధామన్ గడ్డి. దాని మొదళ్ల దగ్గర సన్నగా, నేలనంటి, ఇంకేదో గడ్డి – పేరు తెలియదు. చిన్నప్పుడు దాని మీద పడుకున్నట్టు మాత్రం వీపుకు గుర్తుంది.

నవ్వొచ్చింది. ఒక్కతే నవ్వింది.

అంతలో గంట మోగింది – కంపకు లోపల.

కుంఢీ. ఆమె గేదె. బన్నీ గేదెలు రాత్రి వాటంతటవే మేతకు పోతాయి, తెల్లారేసరికి ఇల్లు చేరతాయి. ఇది చేరలేదు. కంప తోసుకుని వచ్చింది. మేసింది. పేడ వేసింది.

పేడలో నిగనిగలాడుతూ తుమ్మ గింజలు – నిన్నెక్కడో తిన్న కాయలవి.
కాయ తీపి. గింజ అరగదు. పేడ పడ్డ చోటల్లా మొలుస్తుంది.

ఓణీ తీసి పరిచింది. పేడ ఎత్తింది, ఎత్తింది... అంతలో మాటలు వినిపించాయి. మూట దాచేస్తే ఎవరికి తెలుస్తుంది?

ముందు వచ్చింది మరిది జుసబ్, బట్టీలవాడు. "ఏం వదినా, గడ్డి పెంచుతున్నావా, నా బట్టీకి తుమ్మ నాటుతున్నావా?"

వెనక వచ్చిన వాళ్లు నవ్వారు. హూర్‌బాయి మూట విప్పి ఊరిపెద్ద వలీ కాకా కాళ్ల దగ్గర పెట్టింది.

"నా గేదే కాకా. కంప నేనే సరిగ్గా వెయ్యలేదు."

కాకా మూట చూడలేదు. గిట్టల జాడ చూశాడు. కంప దాటి, ఆ జాడ పట్టుకుని తుమ్మల్లోకి పోయాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక జుసబ్ వైపు తిరిగాడు.

"దారి పొడుగునా కాయలు రాలున్నాయిరా. రాత్రి ఒక్కచోటా ఆగలేదు. తిన్నగా ఇక్కడికే నడిచింది."


"మనిషి ఎన్నయినా చెప్తాడు," అన్నాడు కాకా. "గేదె ఊరికే నడవదు."

ఒకరి తర్వాత ఒకరు గొంతుక్కూచున్నారు. పేడ మూటకట్టడానికి తలపాగాలు విప్పారు. గడ్డి పాయలు తీసి పేడ వెతికారు, ఒక్క గింజ కూడా వదలకుండా. జుసబ్ సణుగుతూనే ఏరాడు. దొరకనివి ఎన్నో – నేలకే తెలియాలి.

కాకా ఇంకా ఊ అనలేదు, ఊహూ అనలేదు.

కుంఢీ దగ్గరికి పోయాడు. దవడ పట్టుకుని, నోటి దగ్గర ముక్కు పెట్టాడు.
పచ్చి ధామన్ వాసన – తుమ్మ కమ్మేయక ముందటి బన్నీ వాసన.
కళ్లు మూసుకున్నాడు.
మళ్లీ పీల్చాడు...