బాలసుందరం ఇంటి వాన

పొద్దున ఏడయ్యేసరికి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో సంగు ఊదేది. దాన్ని సైరన్ అనాలని ఆ వీధుల్లో ఎవరికీ తోచేది కాదు, సంగే. ఆ కూత వినగానే మగవాళ్ళంతా టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గేటు దిక్కు పరుగో పరుగు. బాలసుందరం మాత్రం అప్పటికే స్నానం ముగించి, బొట్టు పెట్టుకుని, వరండాలో చాప మీద కూర్చుని అట్ట ఒళ్ళోకి తీసుకునేవాడు. కాగితం మీద శ్రీకారం చుట్టి, పెన్ను కళ్ళకద్దుకుని రాయడం మొదలుపెట్టేవాడు. వాళ్ళ నాయన ముప్ఫై ఏళ్ళు అదే సంగుకి పనిలోకి పోయిన మనిషి. పనంటే సంగుతోనే మొదలవ్వాలని కొడుక్కీ అలవాటైపోయింది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. రాసింది పైకి చదువుకుంటే గానీ ఆయనకి రాసినట్టుండదు. అటూ ఇటూ తిరుగుతూ, జపం చేసుకున్నట్టు, ఒక్కో వాక్యం చదువుకునేవాడు. రాసినదాంట్లో వాన ఉంటే, చదివేటప్పుడు వాన పడేది. గొంతు వినిపించినంత మేర, అంటే కాంపౌండు గోడ దాకా పడేది. గోడవతల వీధికుక్క ఎండలో హాయిగా పడుకునుండేది.

కాంపౌండులో ఆరు కాపురాలు, అందరికీ కలిపి ఒక్కటే బావి. కాబట్టి ఆయన ఏం రాస్తున్నాడన్నది ఆరిళ్ళకీ పట్టిన సంగతే. పక్క వాటాలో ఉండే ఇడ్లీల అంజలై పొద్దున్నే వచ్చి అడిగేది.

"బాలన్నా, ఈ పొద్దు వాన ఉండాదా? వడియాలు పెట్టుకోవాల."

"పెట్టుకోమ్మా. ఈ పొద్దంతా కోర్టు సీనే."

"రేపో?"

"రేపు హీరోయిన్ ఇల్లు విడిచి పోతుంది. సాయంత్రానికి కాస్త పడొచ్చు."

"పోనీ తల్లి, మహాలక్ష్మి! రెండు బిందెలు నిండేదాకా పొమ్మని చెప్పన్నా," అని అంజలై నవ్వుతా పోయేది.

చెప్పొద్దూ, ఆ వానల్లో నాణ్యమైనవి తక్కువే. ప్రేమపాటకి ముందు పడే వాన పౌడరు వాసన కొట్టేది. దాంట్లో బియ్యం కడిగితే అన్నానికీ అదే వాసన. పౌరాణికం వానైతే ఆకాశం విరిగి పడేలా ఉరిమేది గానీ కుండ అడుగైనా తడిపేది కాదు. "ఏందన్నా ఇది, బెదిరింపు జాస్తి, నీళ్ళు కమ్మి!" అని అంజలై తిట్టిపోసేది. బాలసుందరం తల దించుకునేవాడు. ఆ వానలు ఎందుకట్టా ఉంటాయో ఆయనకి తెలుసు. పొట్టకోసం రాసినవి అవి.

కోడంబాకంలో గోపాలయ్యగారని పేరు మోసిన సినిమా రచయిత ఉండేవాడు. ఎనిమిదేళ్ళుగా బాలసుందరం రాయడం, గోపాలయ్యగారి కారు వచ్చి కాగితాల కట్ట పట్టుకుపోవడం, తెరమీద 'మాటలు: గోపాలయ్య' అని పడడం. సినిమావాళ్ళ భాషలో ఈ పనికి ఘోస్టు అని పేరు. బతికుండగానే దయ్యమైపోయినానే అని బాలసుందరం హాస్యమాడేవాడు గానీ, భార్య హైమకి ఆ మాట గిట్టేది కాదు. టాకీసుకి పోయి కూర్చుని, తెరమీద వాళ్ళు పలకబోయే మాటల్ని ముందే పెదాలు కదిపి చెప్పుకునేది. బయటికొచ్చాక, "ఒక్కసారన్నా మీ పేరు చూడాలండీ" అనేది. ఆ మాట అన్న రోజు ఇద్దరూ బస్సెక్కకుండా నడిచే ఇంటికి వచ్చేవాళ్ళు.

ఆయన సొంతంగా రాసుకునే నవల ఒకటుంది. అది వాళ్ళమ్మ పచ్చయమ్మ కథ. గోపాలయ్యగారి కట్టకి తెల్ల నాడా, ఈ కట్టకి అమ్మ పాతచీర అంచు. పదిహేడు అధ్యాయాలు అయ్యాయి. ఒక్కటే మొండికేసి కూర్చుంది. నాయన జ్వరంతో పోయిన మర్నాడు, కర్మకాండకి వచ్చిన వాళ్ళంతా ఇంట్లో ఉండగానే, అమ్మ మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ సర్దుకుని, జోరువానలో వర్క్‌షాపు గేటు ముందుకెళ్ళి నిలబడింది. రోజూ ఆయనకి గేటు దగ్గర వేడన్నం అందించడం ఇరవై ఏళ్ళ పైచిలుకు అలవాటు, కాళ్ళు అవే తీసుకుపోయాయి. పద్నాలుగేళ్ళ బాలసుందరం వెనకే పరిగెత్తాడు. ఆ వాన రాయాలి. పన్నెండుసార్లు రాశాడు, పన్నెండుసార్లు చదివాడు. ఒక్క చుక్క రాలలేదు. అమ్మ గుండెలు బాదుకుందని రాశాడు, గేటు పట్టుకుని కూలబడిందని రాశాడు. ఊహూఁ. ఆకాశం కిమ్మనలేదు.

ఆ ఏడు కత్తిరి ఎండలు మాడ్చేశాయి. బావి అడుగంటింది. చేద వేస్తే బురద వస్తోంది. మునిసిపాలిటీ కొళాయి దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. కాంపౌండంతా బాలసుందరం మొహంకేసి చూస్తోంది గానీ, పాపం, ఎవరూ నోరు తెరిచి అడగలేదు. గోపాలయ్యగారి కొత్త పిక్చరు నిండా జోలపాటలూ భోజనాల సీన్లూ, వానన్నది లేదు. ఒకరోజు పొద్దున బాలసుందరం జోలపాట సీను ముగించి, ఇంకా కట్టని తెల్ల నాడా పక్కన పెట్టాడు. హైమ గరిటెడు పప్పు తెచ్చి, "కాస్త ఉప్పు చూడండి" అంది.

నాలుక మీద పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు అట్టాగే ఉండిపోయాడు.

"ఏందండీ, జాస్తయిందా?"

"హైమా, అమ్మ ఆ పొద్దు ఏడవలేదే," అన్నాడు. "నేనే ఏడిపిస్తా ఉండా, ఇన్నేళ్ళూ."

కాగితం తీసుకుని వంచిన తల ఎత్తకుండా రాశాడు. మూడే పేజీలు. లేచి, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తా చదివాడు.

"సంగు ఊదింది. అందరూ బయటికి వచ్చారు. అమ్మ ఒక్కొక్కరి మొహమే చూసింది. ఆఖరి మనిషి కూడా పోయాక, గేటు కాపలావాడు 'తినమ్మా, నువ్వన్నా తిను' అన్నాడు. అమ్మ క్యారియర్ అతని చేతిలో పెట్టింది. 'పప్పులో ఉప్పు ఎక్కువైందేమో చూడు నాయనా. ఆయనుంటే చెప్పుండేవాడు' అంది."

ఆ చివరి మాట దగ్గర ఆయన నడక ఆగింది. అప్పుడు పడింది వాన.

పౌడరు వాసనా లేదు, ఉరుములూ లేవు. తిన్నగా, బరువుగా, మట్టి వాసనతో పడింది. ఆరిళ్ళ ఆడవాళ్ళూ బిందెలూ, డ్రమ్ములూ, ఆఖరికి దోసెపిండి గిన్నెలూ బయట పెట్టేశారు. ఎదురు వాటాలో ఉండే టీచరమ్మ సెలీనా చెప్పులు చేతబట్టుకుని వానలో గిరగిరా తిరిగింది. బావిలో రెండు ఒరల ఎత్తు నీళ్ళు లేచాయి. బాలసుందరం చదివిన పేజీలు వరండా అంచున వదిలేసి, వాకిట్లో నిలబడి తడుస్తా ఏడుస్తా ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ నాటి ఏడుపు, ఇప్పటికి దారి దొరికింది.

ఆ గోలలోనే గోపాలయ్యగారి కారు హారన్ కొట్టింది. కట్ట కోసం డ్రైవరు కృష్ణన్ వచ్చాడు. వరండాలోకి జల్లు కొడుతుంటే హైమ పరుగున అంచున ఉన్న కాగితాలు పోగేసి, చేతికందిన తెల్ల నాడా చుట్టి, కొంగు కప్పి తీసుకెళ్ళి కారు కిటికీలోంచి ఇచ్చేసింది.

వాన వెలిశాక బాలసుందరం లోపలికి వచ్చి చూస్తే చాప మీద జోలపాట సీను ఉంది. అమ్మ లేదు.

"ఎవరిచ్చింది కట్ట?"

"నేనేనండీ... తడిసిపోతా ఉంటే..." హైమ మొహం పాలిపోయింది.

"ప్రొడ్యూసరు వరదయ్యగారు ఈ పొద్దు కథ వినే సిట్టింగుకి వస్తాడు. గోపాలయ్యగారు దాన్ని చదివేస్తాడు. ఆయన పేరుతో పోయిందంటే ఇంక అది మనది కాదు. ఎనిమిదేళ్ళుగా ఏ మాట రాసినా ఇచ్చేసినానే, ఇదొక్కటీ దాచుకున్నా! కళ్ళు లేవా నీకు?" అనేశాడు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

హైమ కళ్ళు తుడుచుకుని పొడి చొక్కా తెచ్చిచ్చింది. "తిట్టేది తిరిగొచ్చినాక తిట్టండి. ముందు పోండి. ఏమని అడగతారో నాకు తెలీదు, అత్తమ్మను ఆడ ఇడిచిపెట్టి మాత్రం రాబాకండి."

బస్సులో ఎగ్మూరు, ఆడ నుంచి ఎలక్ట్రిక్ రైల్లో కోడంబాకం. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు. అంత మాటల రచయితకీ ఒక్క మాట కుదరలేదు. ఘోస్టు సిట్టింగులో నోరు విప్పకూడదన్నది ఆ లోకంలో కట్టుబాటు. తలుపు దగ్గర కూర్చోవాలి, రాసుకోవాలి, పిలిస్తే పలకాలి. నోరు విప్పినవాణ్ణి మళ్ళీ ఏ కంపెనీ గడప తొక్కనివ్వదు. అట్టాగని నోరు మూసుకుంటే అమ్మ పోతుంది.

గోపాలయ్యగారి ఇంటి ముందు తోటమాలి సుబ్బన్ గొట్టం పట్టుకుని నీళ్ళు కొడుతున్నాడు. మిట్టమధ్యాహ్నం ఏ తోటకీ ఎవరూ నీళ్ళు కొట్టరు. కానీ అడ్వాన్సు ఇచ్చేముందు రచయిత తోటలో వాన పడిందా లేదా అని మట్టి తొక్కి చూసుకునే ప్రొడ్యూసర్లు ఆ రోజుల్లో ఉండేవాళ్ళు.

మేడ మీద హాల్లో చదవడం అప్పుడే అయినట్టుంది. గోపాలయ్యగారి చేతిలో ఆ మూడు పేజీలు. ఎదురుగా సోఫాలో ప్రొడ్యూసరు వరదయ్య ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. ఆయన తాతల నాటి నుంచీ పాత మద్రాసులో మిరపకాయల హోల్‌సేల్ వ్యాపారి, సినిమాలకి కొత్త.

"మా శిష్యుడండీ, బాలసుందరం. ఫెయిర్ కాపీలు రాస్తుంటాడు," అన్నాడు గోపాలయ్యగారు, ఈయన కళ్ళలోకి చూడకుండా.

బాలసుందరం తలుపు దగ్గరే చతికిలబడ్డాడు.

"మా అమ్మ యాపకం వచ్చింది సామీ," అన్నాడు వరదయ్య. లేచి కిటికీ దగ్గరికి పోయి తోటలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "మట్టి తడిసుండాది. ఆకుల మీద చుక్క లేదే."

గోపాలయ్యగారు పేజీల అంచులు సర్దాడు.

"మిరపకాయ బస్తాకి కింద నుంచి నీళ్ళు కొట్టి తూకం పెంచేవాళ్ళని నలభై ఏళ్ళుగా చూస్తా ఉండా," అన్నాడు వరదయ్య. గొంతులో కోపం లేదు. "పై నుంచి తడిసింది ఏదో, కింద నుంచి తడిసింది ఏదో నాకు తెలుసు. ఆ ఉప్పు మాట ఇంకోసారి చదవండి, విందాం."

గోపాలయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. గొంతు బాగాలేదనొచ్చు, రేపు చదువుతాననొచ్చు. ముప్ఫై పిక్చర్లు రాయించినవాడికి మాటలకి కరువా? ఆయన మాత్రం లేచి, హాలంతా నడిచి తలుపు దగ్గరికి వచ్చి, పేజీలు బాలసుందరం చేతుల్లో పెట్టాడు.

"నువ్వు చదువు," అన్నాడు.

"అయ్యగారూ..."

"చదవవోయ్."

బాలసుందరం లేచి నిలబడి చదివాడు. 'సంగు ఊదింది' అన్న దగ్గర కిటికీ తలుపు గాలికి కొట్టుకుంది. గేటు కాపలావాడి మాట దగ్గర పోర్టికో రేకుల మీద టపటపమని చప్పుడైంది. చివరి మాటకి తోటంతా, మామిడి ఆకుల మీద, గొట్టం పట్టుకున్న సుబ్బన్ నెత్తి మీద, ధారగా పడుతోంది. వరదయ్య వంగి, కిటికీ కింద విడిచిన తన చెప్పులు తడవకుండా లోపలికి జరుపుకున్నాడు.

"నీ పేరేందన్నావు అబ్బాయ్?"

"బాలసుందరం అండీ. మా అమ్మ పచ్చయమ్మ."

"ఇది మా పిక్చర్లో పెడదాం. నీ పేరే ఏస్తా."

ఎనిమిదేళ్ళ కల. హైమ చూడాలనుకున్న తెర. అయినా బాలసుందరం కాగితాలు గుండెకి హత్తుకున్నాడు. "ఇది ఇయ్యలేనండీ. తెలీక ఈడికి వచ్చేసింది. ఇంకోటి రాస్తా, మీకోసమే రాస్తా. ఇది మా అమ్మ."

వరదయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "అమ్మను అమ్మేవాడైతే నాకూ వద్దులే," అన్నాడు. "సరే, కొత్తదే రాయి. పేరు మాత్రం నీదే."

గోపాలయ్యగారు ఆ మాటలు వినలేదు. అప్పటికే మెట్లు దిగిపోయాడు. బాలసుందరం కిందికి వచ్చేసరికి ఆయన తోట మధ్యలో, జరీ పంచె బురదలో ఈడ్చుకుంటూ నిలబడి ఉన్నాడు. కృష్ణన్ గొడుగు పట్టబోతే తోసేశాడు. మొహం పైకెత్తి తడుస్తున్నాడు.

"అయ్యగారూ, జలుబు చేస్తుంది."

"పదకొండేళ్ళయిందోయ్ ఈ తోటలో వాన పడి," అన్నాడు గోపాలయ్యగారు, కళ్ళు మూసుకునే. "తెనాలిలో మా ఇంట్లో వారానికోసారి పడేది. మా అమ్మ గోడ మీద పిడకలు తడుస్తున్నాయని నన్ను తిట్టేది. ఇక్కడికొచ్చాక పనెక్కువైంది. ఒకడికి కొంత ఇచ్చా, ఇంకొకడికి కొంత ఇచ్చా. చివరికి ఏదీ నేను రాయలేదు."

వాన సన్నబడుతోంది.

గోపాలయ్యగారు కళ్ళు తెరిచి ఆయన్ని చూశాడు. ఎనిమిదేళ్ళలో అట్టా తిన్నగా చూడడం అదే మొదలు.

"బాలసుందరం, రేపట్నుంచి కారు పంపను. నాకు రాయొద్దు. నువ్వు రాసిపెడుతున్నంత కాలం నేను రాయను."

బాలసుందరం ఆ తడి నేల మీదే వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. పేజీలు చొక్కా లోపల పెట్టుకుని స్టేషను వైపు నడిచాడు. వీధి మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, పెద్దాయన ఇంకా లోపలికి పోలేదు. పోర్టికో మెట్టు మీద కూర్చుని, పెన్ను కోసం కృష్ణన్‌ని లోపలికి పంపిస్తున్నాడు.