ట్రేలో గడ్డకట్టనిది

…అయినా గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకుండా ఎక్కించే ఈ మందు ఈ రంగులో ఉండడమేమిటి, పచ్చగా ఉంటుందనుకున్నాను నేను, కార్లో పోసేది పచ్చగానే ఉంటుందిగా, ఇదేమో లేత గులాబీ రంగు, డబ్బా తెల్లది కాబట్టి కుళాయిలోంచి పడేదాకా తెలియనే లేదు, సర్లే, ఏ రంగైతే నాకేం, రంగు వచ్చేదాకా తిప్పి కట్టెయ్యమన్నాడు యూట్యూబ్ తాత, తిప్పాను, వచ్చింది, కట్టేశాను, సింకు అయింది, బాత్రూమ్ అయింది, షవరూ అయింది, ఇక మిగిలింది ఈ మోటర్‌హోమ్ ఫ్రిజ్‌లో ఐస్ మేకరొక్కటే, అందరూ మర్చిపోయేది ఇదే అని తాత తెల్లగడ్డం నిమురుకుంటూ రెండుసార్లు చెప్పాడు, దీని గొట్టంలో నీళ్లుంటే చలికి గడ్డకట్టి వాల్వు పగులుతుందట, నాకు చెప్తున్నాడు, వాల్వు పగిలితే ఏమవుతుందో నాకు తెలియనట్టు, వాల్వుతో పాటు ఇంకేం పగులుతాయో ఆ తాతకేం తెలుసు.

రాత్రికి పద్దెనిమిది డిగ్రీల ఫారెన్‌హీటంట, నీళ్లు రాయైపోయే చలి, ఇప్పటికే వేళ్లు కొంకర్లు పోతున్నాయి, మా ఆయన చెయ్యాల్సిన పని, ఆయనకేమో ఆఫీసులో ప్రొడక్షన్ రిలీజ్, నువ్వు చూసుకో వసంతా, వీడియో ఉంటుంది అని ఫోన్ పెట్టేశారు మహానుభావులు, వీడియో ఉంటుందట, ఏటా ఈ బండికి ఈ పని చేసిపెట్టే వీడియో ఎవరో ఆయనకి తెలీదా, నాలుగిళ్ల అవతలి రామమోహన్ ఉండేవాడు, అక్టోబర్ ఆఖరి శనివారం పొద్దున్నే పాత స్వెట్టర్ వేసుకుని వచ్చేవాడు, వదినా టీ పెట్టండి, గంటలో అయిపోద్ది అనేవాడు, ఆ మనిషితో మాటల్లేక ఎనిమిది నెలలు, రేపు పొద్దున ఊరే వదిలి పోతున్నారు, అల్ఫారెట్టాలో ఉద్యోగమట, అది కూడా ఇండియన్ స్టోర్లో అనురాధ చెప్తే తెలిసింది నాకు, అతని భార్య శ్రీవల్లి చెప్పలేదు, అక్కా అక్కా అని నా కొంగు పట్టుకు తిరిగిన శ్రీవల్లి, ఈ బండి తాళం నిన్న మెయిల్‌బాక్స్‌లో పడేసి పోయింది, బెల్ కూడా కొట్టలేదు, కొడితే మాత్రం నేను తీసేదాన్నా, తీసేదాన్నే, ఏమో.

ఐస్ మేకర్ పక్కనున్న ఈ తీగ కిందికి దించితే ఆన్, పైకెత్తితే ఆఫ్, దించాను, మరి తిరగదేం ఇది, ఫ్రీజర్ చల్లబడాలని పొద్దుటి నుంచీ గరాజ్‌లోంచి వైర్ లాగి ఫ్రిజ్ పెట్టి ఉంచాను, చల్లగానే ఉంది, స్టూలెక్కి తల లోపల పెట్టి చూస్తున్నాను, ఈ బండిలో ఫ్రీజర్ ఎక్కడో పైన తగలేశారు, నాకే అందదు, పంపేమో గర్రుమంటూనే ఉంది, కిటికీలోంచి చూస్తే నాలుగిళ్ల అవతల వాళ్లింటి ముందు పెద్ద ట్రక్కు, సోఫా ఎక్కిస్తున్నారు, ఆ సోఫా నేనూ శ్రీవల్లీ కలిసి కొన్నాం, రంగు నేనే చెప్పాను, చూడకూడదు అటు, ఐస్ మేకర్ చూడు వసంతలక్ష్మీ, అసలీ బండి కొన్నదే కలిసి, గుడికి పోవాలంటే ఐదు గంటల దారి, మా అత్తగారి మోకాళ్లు, వాళ్ల నాన్నగారి షుగర్, గంటకోసారి బాత్రూమ్ కావాలి ఇద్దరికీ, హైవే మీద ఎక్కడని ఆపుతాం, అందుకని రెండిళ్ల వాళ్లం కలిసి ఈ పాత మోటర్‌హోమ్ తెచ్చాం, మా అత్తగారు ఎక్కి కూర్చుని ఇదేమిటే, రైలుకంటే బాగుంది అన్నారు, పులిహోర డబ్బాలు, పెరుగన్నం, వెనక సీట్లో వాళ్ల పాప ఉజ్వల అంత్యాక్షరి, పాటలన్నీ అమెరికా యాసలో, ఎంత నవ్వేవాళ్లం.

మరి రామమోహన్ అన్నీ సవ్యంగా చేస్తే మార్చిలో ఇల్లు మునిగినట్టు బండి ఎందుకు మునిగిందమ్మా, అదీ నా ప్రశ్న, మొదటి ట్రిప్పుకని సాయంత్రం బండికి నీళ్ల గొట్టం తగిలించి పెట్టాం, తెల్లారి తలుపు తీస్తే కార్పెట్ మీద చెప్పులు తేలుతున్నాయి, ఐస్ మేకర్ వాల్వు నిలువునా పగిలి ఉంది, నేల చెక్క పూరీలా ఉబ్బింది, ఐస్ మేకర్‌కి మందు ఎక్కించడం మర్చిపోయావు రామమోహన్ అన్నారు మా ఆయన, అతనేమో గొంతు పెంచడు, వాదించడు, అదే ఒళ్లు మండిస్తుంది నాకు, లేదు వదినా, మందు ట్రేలోకి వచ్చింది, నేను కళ్లారా చూశాను, ఇదే మాట, పది మందిలో అడిగినా ఇదే మాట, ఉగాది నాడు కమ్యూనిటీ హాల్లో పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని కూడా ఇదే మాట, అప్పుడు అన్నాను నేను, ఎందుకన్నానో, నోరు కదా, ఊరుకోదు, మీ ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరూ ఒకటే, చేసింది ఒప్పుకోరు అన్నాను, శ్రీవల్లి చేతిలో గిన్నె టేబుల్ మీద పెట్టి, పాప చెయ్యి పట్టుకుని, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయింది, ఆ పిల్ల వెనక్కి తిరిగి నా వంక చూసింది, కోపంగా కూడా కాదు.

అన్నానంటే ఊరికే అన్నానా, అంతకు ముందు జరిగింది ఉంది కదా, నవంబర్లో, కార్తీక వనభోజనాలు మా పెరట్లోనే, నలభై మంది, ఇంట్లో ఫ్రిజ్ చాలక ఈ బండి ఫ్రిజ్ పెట్టాం, పెరుగు బకెట్లు, రోజ్ మిల్క్ క్యాన్లు అన్నీ ఇందులోనే, పిల్లలు లోపలికీ బయటికీ ఒకటే పరుగులు, శ్రీవల్లి వాళ్లు తప్ప అందరూ వెళ్లాక తుడుద్దామని వస్తే ఐస్ ట్రే నిండా రోజ్ మిల్క్, గదిగదికీ పోసి ఉంది, ఎవరి పని అంటే ఉజ్వల ఒక్కత్తే దొరికింది, పెదాల చుట్టూ గులాబీ మీసం పెట్టుకుని, ఐస్ ట్రేలో పోస్తావా, ఐస్ ఫ్రూట్ చేద్దామనుకున్నావా అన్నాను, నేను కాదు ఆంటీ అంది, అబద్ధం చెప్పకు అన్నాను, నేను కాదు ఆంటీ, ఐ ప్రామిస్ అంది, ఏడేళ్ల పిల్ల, సారీ చెప్పేదాకా పంపనన్నాను, చివరికి చెప్పింది, కళ్లనీళ్లతో చెప్పింది, ఆ తర్వాత నేనే బయట నీళ్ల గొట్టం తెచ్చి బండికి తగిలించి, ఐస్ మేకర్ రెండు రోజులు తిప్పి తిప్పి, తెల్లటి ఐస్ వచ్చేదాకా కడిగాను, నా శుభ్రం నాది, ఆ మాట శ్రీవల్లికి చెప్పి మెప్పు కూడా పొందాను.

ఆఁ, తిరిగింది, కర్‌ర్‌మంటోంది, లోపల ఏదో జారింది, వస్తోంది, వచ్చింది, హమ్మయ్య, ట్రేలోకి, గదిగదికీ, గులాబీ రంగు, ఈ రంగు, ఆగు, ఈ రంగు, వేలు పెట్టాను, జిగటగా ఉంది, అప్పుడూ ఇలాగే జిగటగా ఉంది, చక్కెర ఎక్కువేశారు అనుకున్నాను, పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా ఫ్రీజర్లో ఉండీ గడ్డకట్టలేదేమిటా అని కూడా అనుకున్నాను, పాలు గడ్డకట్టవా, పాలైతే రాయిలా అవుతాయి, ఇది కాదు, ఇది గడ్డకట్టదు, గడ్డకట్టకూడదనే కదా పోసేది, రామమోహన్ పోసింది, కళ్లారా చూశాను వదినా అన్నది ఇదే, మందు అన్నాడు, రంగు చెప్పలేదు, నేనడగలేదు, మగవాళ్ల పని మనకెందుకని ఒక్క ఏడూ తొంగి చూడలేదు, ఎవరో వాల్వుని కాపాడడానికి పోసి పెట్టిన దాన్ని నేను రెండు రోజులు కూర్చుని కడిగి, గొట్టం నిండా మంచినీళ్లు నింపి, తలుపేసి, చేతులు దులుపుకున్నాను, భగవంతుడా, నేను కడిగేశాను.

దిగాలి, స్టూలు మీంచి దిగాలి, ఈ స్టూలు, నాకే అందదు కదా ఈ ఫ్రీజర్, ఐదడుగుల మనిషిని స్టూలెక్కి మునివేళ్ల మీద నిలబడ్డాను, మరి ఆ ఏడేళ్ల పిల్లకి ఎలా అందిందే వసంతలక్ష్మీ, ఈ స్టూలు అప్పుడు బండిలో లేదు, నేనే ఇంట్లోంచి తెచ్చుకుని ఎక్కి చూశాను, ఎక్కి చూసి, దిగి, నా భుజం దాకా కూడా రాని పిల్లని నిలబెట్టి అడిగాను, ఒక్కసారి తల పైకెత్తి ఫ్రీజర్ వంకా, తల దించి పిల్ల వంకా చూసి ఉంటే చాలు, చూడలేదు, ట్రక్కు తలుపు మూస్తున్న చప్పుడు, వెళ్లిపోతున్నారా, కాదు, రేపు కదా, రేపు పొద్దున, తీగ పైకెత్తాను, పంపు ఆపాను, ట్రే ఊడదీశాను, రెండు చేతులతో పట్టుకున్నాను, ఒలికితే ఒలకనీ, ఇదే తీసుకెళ్తాను, ఏ ముఖం పెట్టుకుని అంటే ఈ ముఖమే పెట్టుకుని, రామమోహన్ అవునా వదినా అని మళ్లీ గొంతు పెంచకుండా అంటాడు, అది భరించాలి, శ్రీవల్లి తలుపు తియ్యకపోవచ్చు, గుమ్మంలో నిలబడాలి, చలేస్తే వెయ్యనీ, కానీ వాళ్లిద్దరికీ తర్వాత, పెద్దవాళ్లు కాబట్టి వాళ్లకి తాము చెయ్యలేదని తెలుసు, ఆ పిల్లకి ఏడాదిగా ఏం తెలుసో, నిజం రెండుసార్లు చెప్పినా సారీ చెప్పాల్సి వస్తుందని తెలుసు, అది నేర్పింది నేను, ముందు ఉజ్వలని పిలవాలి, గుమ్మంలోకి రమ్మని, వాళ్లింటి ముందు కంకర మీదే మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల ఎత్తుకి దిగి, ట్రే చూపించి చెప్పాలి, నువ్వు కాదమ్మా, నేను.