ఒకే తాడు మీద

పెరట్లో రెండు తాళ్ళున్నాయి. ఒకటి మగవాళ్ళ బట్టలకి, గోడవారగా ఉన్నది ఆడవాళ్ళ బట్టలకి. ఆ పొద్దున తొందరలో వెన్నెల తన చీరని భర్త చొక్కా పక్కనే వేసేసింది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా! నీ చీర నీళ్ళు వాడి చొక్కాకి అంటాయి. మళ్ళీ జాడించి ఆరెయ్," అంది అత్తగారు అన్నపూర్ణ, వంటింటి గుమ్మంలోంచే. కోడలు కానిస్టేబులైనా తాడు దగ్గర కోడలే. వెన్నెల చొక్కా మళ్ళీ జాడించింది. పదిన్నరకి బందరు కోర్టులో సాక్ష్యం చెప్పాలి.

రెండేళ్ళ కిందట, ముసురు రోజుల్లో, కృత్తివెన్ను వైపు ఒక రొయ్యల చెరువులో యజమాని శవం తేలింది. కాపలా ఉండే పోతురాజుని పట్టుకొచ్చారు. శవం మీది చొక్కా నెత్తుటినీళ్ళు ఓడుతోంది. పోతురాజు చొక్కా వానకి తడిసి ముద్దయింది. స్టేషన్లో అయిదుగురు మగాళ్ళుండగా ఎస్సైగారు వెన్నెలనే పిలిచారు. "ఇవి ఆరేసి ప్యాక్ చెయ్యమ్మా. బట్టలారెయ్యడం ఆడాళ్ళకి నేర్పాలా?" టీ పెట్టమనేదీ ఆ గొంతుతోనే. వెనక గదిలో ఉన్నది ఒక్కటే తాడు. ఫ్యాన్ గాలికి ఆ రెండు చొక్కాలూ ఒకదానికొకటి అతుక్కుపోతే, సాయంత్రం విడదీసి, చెరో కవర్లో పెట్టి సీలు వేసింది.

పోతురాజు చొక్కా మీది నెత్తురు చచ్చిపోయినాయనదేనని, డీఎన్‌ఏ కలిసిందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. కళ్ళారా చూసినవాళ్ళు లేని కేసులో ఆ కాగితమే సాక్షి. ఎస్సైగారు స్వీట్లు తెప్పించారు. పంచింది కూడా వెన్నెలే.

పోయిన నెల ట్రైనింగులో ఒకాయన చెప్పాడు, తడిబట్టలు వేటికవి విడిగా ఆరబెట్టాలని, ఒకదాని నెత్తురు ఇంకోదానికి అంటితే మెషీన్‌కి తేడా తెలీదని. వెన్నెలకి వెనక గదిలో తాడు గుర్తొచ్చింది. ల్యాబ్ అబద్ధమాడలేదు. నెత్తురు ఎవరిదో చెప్పింది, ఎలా అంటిందో చెప్పడం దాని పని కాదు. పోతురాజు చంపాడో లేదో తనకీ తెలీదు. కానీ ఆ చొక్కాకీ తెలీదు కదా! ఎస్సైగారితో అంటే, "అడిగినదానికే జవాబు చెప్పు, అతి వద్దు," అన్నారు. తోటి కానిస్టేబుల్ క్రాంతి కుమార్ అయితే నవ్వేశాడు. "ఆ మాట బయటికొస్తే ఆయనకేం కాదు, నువ్వు సస్పెండవుతావు. బట్టలారెయ్యడం కూడా రాదా అంటారు." నిజమే, అంటారు. ఆ భయంతోనే నెలరోజులు నోరు కుట్టేసుకుంది.

బోనులో నిలబడగానే ప్రభుత్వ వకీలు అడిగాడు. "బట్టలు విడివిడిగా సీలు వేసింది మీరేనా?"

"నేనేనండీ."

పోతురాజు తరఫు వకీలు ఫైల్లోంచి తల కూడా ఎత్తలేదు. "ప్రశ్నలేమీ లేవండీ," అన్నాడు. పోతురాజు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. జడ్జిగారు, "మీరిక వెళ్ళొచ్చు," అన్నారు.

వెన్నెల దిగలేదు. పొద్దున మళ్ళీ జాడించిన చొక్కా తడి ఇంకా వేళ్ళకి ఉన్నట్టే ఉంది.

"నన్నెవరూ అడగలేదు గానీ, చెప్పాల్సింది ఉందండీ," అంది. "మా ఇంట్లో నా చీర మా ఆయన చొక్కాకి తగలకూడదని రెండు తాళ్ళున్నాయి. స్టేషన్లో మాత్రం ఆ రెండు చొక్కాలూ ఒకే తాడు మీద ఆరేశాను."