రూతమ్మ కొలతలు

మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంటారు, ఎండా కాయల మంటా చేతులకు తగలకుండా. రూతమ్మ పద్దెనిమిదేళ్లుగా మరియదాసు చొక్కాలే తొడుక్కుంది. భుజం కుట్టు మోచేతి దాకా జారేది. చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టినా, కాయ కోసేటప్పుడు ఊడిపోయేవి.

ఈ ఏడు ప్రత్తిపాడు వెళ్లి, ఎప్పటినుంచో మనసుపడ్డ వంగపండు రంగు గుడ్డ కొని దర్జీకిచ్చింది.

"కొలతకి ఆయన చొక్కా తెచ్చావా అమ్మా?" అన్నాడు దర్జీ.

"నేనొచ్చానుగా," అంది రూతమ్మ.

తెల్ల గుండీలు పెట్టించింది. చిన్న కాలరు, ఎడమవైపు జేబు కూడా అడిగి కుట్టించుకుంది.

చేలో అందరూ నవ్వారు. "ఇక్కడెవరు చూస్తారే నీ సోకు, మిరపకాయలా?" అంది పక్క సాలులో కోస్తున్న వెంకటరావమ్మ.

"నాకు కనపడుతుందిగా, చాల్లే," అంది రూతమ్మ. ఆ రోజు ఒక్కసారి కూడా చేతులు మడుచుకోవాల్సిన పని పడలేదు.

ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరబోతూ మరియదాసు తీగ మీద ఆరిన ఆ చొక్కా చూశాడు. "రంగు భలే ఉందే. ఇవాళ నేనేసుకుంటా," అంటూ తొడిగాడు. భుజాల దగ్గర పట్టేసింది. గుండీలు కలవలేదు.

"ఇదేం కుట్టుడే! నాకు సరిపోలేదు."

రూతమ్మ చొక్కా విప్పించి, ముడతలు సాపు చేసి మళ్లీ తీగ మీద వేసింది.

"నీ చొక్కాలు నాకు సరిపోయాయా అని ఇన్నేళ్లలో ఒక్కసారన్నా అడిగావా?"