ఎడమ అద్దం

మురళీధరన్ బండికి రెండు అద్దాలూ ఉన్నాయి. కుడి అద్దంలో రోడ్డు కనిపిస్తుంది. ఎడమ అద్దంలో వెనక కూర్చున్న భార్య వళ్ళియమ్మ మొహం కనిపిస్తుంది. కావాలనే అలా తిప్పుకున్నాడు. ఈ వయసులో ఇదేం సరసమని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అని వళ్ళియమ్మ ఊరుకునేది. అసలు సంగతి చెప్పుకోవడం కంటే ఆ నవ్వులే నయం.

అసలు సంగతేమిటంటే, మురళీధరన్‌కు చెవులు పోయాయి. మీసాలు రాకముందు నుంచీ ఆర్.కె.పేటలో మరమగ్గాల షెడ్డులో ఉంటే ఎవరి చెవులైనా అంతే. ఆ మోతలో గొంతు చించుకుని లాభం లేదని అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకుంటారు. వళ్ళియమ్మ కూడా పెళ్ళయిన కొత్తలో అక్కడే నూలు కండెలు చుట్టేది. నూలు తెగిందన్నా, ఆకలేస్తోందన్నా, అత్త మీద చాడీలన్నా అన్నీ చప్పుడు లేకుండానే సాగేవి. ఇప్పుడామె తిరువళ్ళూరు దగ్గర బట్టల కంపెనీకి రైల్లో వెళ్తోంది. సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అతను రాత్రి షిఫ్టుకు వెళ్ళిపోయి ఉంటాడు. పొద్దున వచ్చి ఆమెను తిరుత్తణి స్టేషన్లో దించుతాడు. మొగుడూ పెళ్ళాలు కష్టసుఖాలు చెప్పుకోవడానికి మిగిలింది ఆ కాస్త ప్రయాణమే. ఆమె అద్దంలోకి పెదాలు కదుపుతుంది, అతను ఓరగా చూసి పైకి జవాబిస్తాడు.

ఆ రోజు కూతురు అభినయ సంగతి వచ్చింది. నర్సింగ్ చదువుతానని, తిరువళ్ళూరులో హాస్టల్లో ఉంటానని ఆ పిల్ల పట్టు. తండ్రిని అడగడానికి భయపడి తల్లిని ముందుకు తోసింది. వళ్ళియమ్మ సగం చెప్పిందో లేదో, ఎదురుగా గుంత వచ్చింది. మురళీధరన్ చూపు రోడ్డు మీదికి మళ్ళింది, బండిని ఎడమకు తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఎడమ వైపు వెనక హారన్ మోగింది. వళ్ళియమ్మ విన్నది, వెనక్కి చూసింది కూడా. చూసి, బండొస్తా ఉండాదని అద్దంలోకి పెదాలు కదిపింది. వీపు మీద ఒక్కటి వేసి ఉంటే సరిపోయేది. అలవాటు ఆ ఒక్క పనీ చేయనివ్వలేదు.

పాల క్యాన్లతో వెనక నుంచి వస్తున్న ఒకతని బండి వీళ్ళను రాసుకుంటూ వెళ్ళి మట్టిలో పడింది. పాలన్నీ ఒలికిపోయాయి, అతని మోచెయ్యి గీసుకుపోయింది.

"ఏమన్నా, హారన్ కొడతానే ఉండా గదా, ఇనబళ్ళేదా?"

మురళీధరన్ అతని మొహాన్ని బట్టి మాట పోల్చుకుని, నిద్ర మత్తులో చూసుకోలేదని సర్దబోయాడు. ఇన్నాళ్ళూ అందరి దగ్గరా అలాగే సర్దుకొచ్చాడు.

"ఆయనకి చెవులు ఇనబడవు నాయనా," అంది వళ్ళియమ్మ. "నేను ఇన్నాను. చెప్పాల్సినట్టు చెప్పలేదు. తప్పు నాది."

పాలతను వెనక సీటు వైపు తిప్పి ఉన్న ఎడమ అద్దాన్ని చూశాడు. వచ్చిన తిట్లు మింగి, క్యాన్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టిపోయినా వళ్ళియమ్మకు కొంత తేలిగ్గా ఉండేది.

ఆమె మొగుణ్ణి బండి మీద కూర్చోబెట్టి, ఎడమ అద్దాన్ని రోడ్డు కనిపించేదాకా తిప్పింది. అతని మొహం చిన్నబోయింది.

"మరి నువ్వు చెప్పేది యాడ చూసేది?"

"దిగినాక చెప్తా మావా. వెనకొచ్చేవాళ్ళని చూడు."

తిరుత్తణి దాకా ఆమె అతని వీపే చూస్తూ కూర్చుంది. ఏడుపొచ్చింది. ఇప్పుడతనికి మొహం కనిపించదు గనుక దాచుకోవలసిన పని లేకపోయింది.

స్టేషన్ బయట బండి దిగి, అతనికి ఎదురుగా నిలబడి కూతురి సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అతను ఆమె పెదాల మీంచి కళ్ళు తిప్పలేదు. అతని వెనక తిరువళ్ళూరు వైపు రైలు కూత వేస్తూ వచ్చి ఆగింది. జనం పరుగెత్తారు. ఈ రైలు తప్పితే కంపెనీ గేటు మూసేస్తారు. వళ్ళియమ్మ అటు కన్నెత్తి చూడలేదు. చూస్తే అతనూ వెనక్కి తిరుగుతాడు. రైలు కదిలేసరికి ఆమె మాట ఇంకా హాస్టల్ తిండి దగ్గరే ఉంది.