దవాఖాన జీపు

స్టౌ మీద గిన్నెలో సూదులు మరుగుతున్నాయి. లిదియా తెగిన సంచి పట్టీ కుట్టుకుంటోంది. నలభై ఆరేళ్ల మనిషి. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది, పంతొమ్మిదేళ్లుగా టీకాల పెట్టె మోసిన భుజం. లింగంపేట చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ ఆమె నర్సమ్మే.

పంతొమ్మిది వందల ఎనభై అయిదు, చలి తగ్గుతున్న రోజులు. ఘనీ సైకిలు గోడకు చేరేసి లోపలికి వచ్చాడు.

"నర్సమ్మా, తెల్లారంగ ఆడపిల్ల పుట్టింది. మాయ ఇంక పడలే."

గడియారం తొమ్మిది చూపిస్తోంది.

"గిప్పుడా చెప్పుడు?" అంటూనే లిదియా సంచి అందుకుంది.

ఇంట్లో ఘనీ భార్య బిల్కిస్ గోడకు ఆనుకుని ఉంది. కింద గోనెపట్టా నల్లగా తడిసింది. అత్త జన్నత్ బీ బొడ్డుతాడు వేలికి చుట్టుకుని లాగబోతోంది.

"గుంజకు అవ్వా. గుంజితే గర్భసంచే బయటికొస్తది."

బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించింది. మూత్రం పోయించింది. సూది వేసింది. పొత్తికడుపు చేతి కింద గట్టిపడినట్టే పడి మళ్లీ మెత్తబడింది. రక్తం ఆగలేదు. ఇక డాక్టరు చేయి పెట్టి తీయవలసిందే.

పోస్టాఫీసు నుంచి ఎల్లారెడ్డి దవాఖానకు ఫోను చేస్తే కంపౌండరు ఎత్తాడు.

"జీపు ఆపరేషన్ల క్యాంపుకు పోయింది. డాక్టర్ సాబ్ గూడ ఆడనే ఉన్నడు."

"మనిషి చస్తున్నది."

"నేనేం జెయ్యాలె?"

లిదియా ఫోను పెట్టేసింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఎందరిని తెచ్చావని పైవాళ్లు నెలనెలా నిలబెట్టి అడిగారు. తక్కువైతే తిట్టారు. తల వంచుకుని విన్నది. కాన్పులో ఎవరు పోయారని ఒక్కనాడూ ఒక్కరూ అడగలేదు.

పక్కింటి మైసన్న ఎడ్లబండి కట్టాడు. బిడ్డను జన్నత్ బీ దగ్గర ఉంచి, ఘనీ బండెక్కాడు. ఎల్లారెడ్డి దారి పొడుగునా లిదియా ఒక చేత్తో బిల్కిస్ కడుపు రాస్తూ, రెండో చేత్తో నాడి పట్టుకుంది.

"నర్సమ్మా, పిల్లకు చెద్దరు కప్పిండ్రా?"

"కప్పిండ్రు."

వాగు దాటేసరికి వేళ్ల కింద నాడి లేదు. లిదియా బండి ఆపమనలేదు. కాసేపు కడుపు అలాగే రాస్తూ కూర్చుంది.

మూలమలుపు దగ్గర జీపు ఎదురొచ్చింది. వెనక షామియానా, మడత కుర్చీలు. లిదియా దిగి దారికి అడ్డంగా నిలబడింది. డాక్టరు వచ్చి బిల్కిస్ చెయ్యి పట్టి చూసి వదిలేశాడు.

"రక్తహీనత అని రాయి."

"ఒంట్ల రక్తం ఉండె సార్. జీపే లేకుండె."

"నౌకరీ చెయ్యాలని ఉందా లేదా?"

"ఉన్నది."

సంచిలోంచి రిజిస్టరు తీసి బండి అంచున ఆనించి, మాయ పడలేదు, తొమ్మిదిన్నరకు జీపు అడిగాను, పంపలేదు అని రాసింది. సంతకం పెట్టి ఆయన ముందు పట్టుకుంది. ఆయన చదివి, శవాన్ని జీపులో ఇంటికి పంపుతానన్నాడు.

"గిప్పుడెందుకు సార్ జీపు?" అన్నాడు ఘనీ.

మైసన్న ఎడ్లను వెనక్కి తిప్పాడు.

ఇంట్లో జన్నత్ బీ ఒడిలో బిడ్డ నిద్రపోతోంది. గోడ వారన చేట, అందులో తడిగుడ్డ. దాని కింద, చుట్టడానికని బిల్కిస్ నిన్న కత్తిరించి పెట్టుకున్న బీడీ ఆకులు ఇంకా మెత్తగానే ఉన్నాయి.